చేతిలో పనుంది, చేతికి కాగితమే లేదు

సైన్యంలో యంత్రాలు నడిపి వచ్చినవారికి సివిలు పని దొరికేదెలా?

రాత్రి రెండు గంటలవేళ కరెంటు పోతే డెల్టాలో ముందుగా మేలుకునేది రొయ్యల రైతు. చెరువులో గిరగిర తిరుగుతున్న ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. ఏరేటర్లు అలాగే ఆగి ఉంటే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. నెలల తరబడి వేసిన మేత, కొట్టిన మందు, తెచ్చిన అప్పు అన్నీ ఆ నీళ్లలోనే ఉన్నాయి. గట్టు మీద డీజిలు జనరేటరు ఉన్నమాట నిజమే. అది కూడా మొరాయిస్తే?

పట్టణంలో మెకానిక్కుకు ఫోను చేస్తే "పొద్దున్నే వస్తానండీ" అంటాడు. అప్పుడు రైతు వెళ్లి తట్టే తలుపు ఊళ్లోని మిలిటరీ బాబాయిది.

"బాబాయ్, జనరేటరు ఎత్తుకోవడం లేదండీ. ఒక్కసారి రావాలి."

"ఆయ్, పద."

వెళ్లగానే బాబాయి ఇంజను మీద చెయ్యి వేయడు. ముందు ట్యాంకులో డీజిలు చూస్తాడు. తరువాత ఫిల్టరు చూస్తాడు. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులుచేసి, చేతిపంపుతో డీజిలును పైకి కొడతాడు. మొదట బుడబుడమని నురగ వస్తుంది. లైనులో గాలి చేరిందన్నమాట. నురగ పోయి నిఖార్సయిన డీజిలు వచ్చేదాకా కొట్టి స్క్రూ బిగిస్తాడు. విప్పిన నట్టు, వాషరు ఏదైనా సరే పక్కన పరచిన తువ్వాలు మీద విప్పిన వరుసలోనే ఉంటాయి. పావుగంటలో ఇంజను దడదడలాడుతుంది, ఏరేటర్లు తిరుగుతాయి.

తెల్లవారితే అదే బాబాయి నీలం చొక్కా తొడుక్కొని, బస్సెక్కి, పట్టణంలో ఏ బ్యాంకు గుమ్మం దగ్గరో, ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో కాపలా డ్యూటీకి వెళతాడు.

ఇది ఏ ఒక్క ఊరి కథో, ఏ ఒక్క మనిషి కథో కాదు. మిలిటరీ వాళ్లున్న ఏ పల్లెలో అడిగినా ఇటువంటి బాబాయి ఒకరు కనిపిస్తారు. ట్యాంకు ఇంజన్లు విప్పి బిగించినవాడు, రాడారు సరిచేసినవాడు, యుద్ధనౌక ఇంజను గదిలో కాపు కాసినవాడు ముప్పైయెనిమిదేళ్లకో, నలభైకో ఇల్లు చేరి గేటు దగ్గర కర్ర పట్టుకొని ఎందుకు నిలబడవలసి వస్తోంది? గేటు కాయడం నామోషీ పని కాదు. కాని ఆ చేతుల్లో ఉన్న విద్యకు అది తగిన పని కాదు.

తుపాకీ ఒక్కటే కాదు

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. అంత పేరు లేకపోయినా, ఇంటికొకరో వీధికొకరో సైన్యంలో ఉన్న ఊళ్లు తెలుగు జిల్లాలలో ఇంకా ఎన్నో ఉన్నాయి.

అయితే సైన్యమంటే తుపాకీ పుచ్చుకొని మంచుకొండల్లో నిలబడటమేనని పల్లెల్లో చాలామంది అభిప్రాయం. నిజానికి సైన్యం నడిచేది చక్రాల మీద, తీగల మీద, ఇంజన్ల మీద. వాటిని బాగుచేయడానికే 1943లో ఒక ప్రత్యేక దళం ఏర్పడింది. వాడుకలో దాన్ని ఇ.ఎం.ఇ. అంటారు. దాని పెద్ద శిక్షణ కళాశాల మన సికింద్రాబాదు తిరుమలగిరిలోనే ఉంది. బెంగుళూరులోని మద్రాసు ఇంజనీరు గ్రూపు ఇంకా పాతది. దాని పుట్టుక 1780లో. మద్రాసు శాపర్లు అనబడే ఆ దళంలో తెలుగువారు తరతరాలుగా పనిచేస్తున్నారు. వంతెనలు వేయడం, రోడ్లు తీయడం, నీటి సరఫరా ఏర్పాటు చేయడం వారి పని. నావికాదళం తన యంత్ర నిపుణులకు లోనావాలాలోని శివాజీ కేంద్రంలోనూ, విద్యుత్తు నిపుణులకు జామ్‌నగర్‌లోని వల్సురా కేంద్రంలోనూ శిక్షణ ఇస్తుంది. విమానదళం సాంకేతిక శిక్షణకు బెంగుళూరు జాలహళ్లి, మద్రాసు దగ్గరి తాంబరం పేరుమోసినవి.

పదవ తరగతో, ఇంటరో చదివి వెళ్లిన కుర్రవాడిని ఇవి వెహికిల్ మెకానిక్కుగా, ఎలక్ట్రీషియనుగా, వెల్డరుగా, టర్నరుగా, రేడియో మెకానిక్కుగా, సర్వేయరుగా తయారుచేస్తాయి. అక్కడ నేర్పే తీరు కూడా వేరు. బండి చెడిపోయాక బాగుచేయడం కంటే చెడిపోకుండా చూడటం అక్కడ ముఖ్యం. ఏ బండికి ఏనాడు ఆయిలు మార్చారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లాగుబుక్కులో రాసి తీరాలి. లడక్ చలిలో డీజిలు గడ్డకట్టే చోట, రాజస్థాన్ ఎడారిలో ఇసుక ఇంజనులోకి దూరే చోట, ఎదురుగా షాపు లేనిచోట బండి కదలాలి. అటువంటి బడి బయట డబ్బు పెట్టినా దొరకదు.

పాత కాలంలో ఈ దారి తొక్కిన దొర

సైన్యపు ఇంజనీరు సివిలు పనిలోకి రావడం మన గోదావరి జనానికి కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారి. ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో దళంలో చేరి, 1821లో మద్రాసు వచ్చాడు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పనిచేశాడు. సైనిక కొలువు వదలకుండానే చెరువులు, కాలవల పనిలోకి దిగాడు. 1836 ప్రాంతంలో కొల్లిడం మీద ఆనకట్టలు, ఆ తరువాత 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఇసుక నేలలో పునాది నిలిపే కిటుకు ఆయన సైనిక పాఠశాలలో నేర్చుకున్నది కాదు. కావేరి మీద తమిళనాట పూర్వులు ఎప్పుడో కట్టిన కల్లణైని చూసి, లోతు తెలియని ఇసుకలో కట్టడం ఎలా నిలుస్తుందో ఈ దేశపు పనివారి దగ్గరే నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. యూనిఫాంలో నేర్చిన విద్య సగం, బయట నేల మీద నేర్చుకోవలసింది సగం. అయితే ఆయన అధికారి, పైగా దొర. ఆయన్ను సర్టిఫికెట్టు అడిగినవాడు లేడు. మన హవల్దారు సంగతి అలా కాదు.

ఎక్స్ఛేంజి పుట్టింది వీరి కోసమే

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. యుద్ధం కోసమే డ్రైవర్లుగా, ఫిట్టర్లుగా, వైర్‌లెస్ ఆపరేటర్లుగా తయారైనవారు వారిలో ఎందరో. వీరందరినీ ఒక్కసారిగా ఇళ్లకు పంపితే ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. 1945 జూలైలో ప్రభుత్వం పునరావాస, ఉపాధి డైరెక్టరేటును ఏర్పాటుచేసింది. సైన్యం నుండి విడుదలైనవారికీ, యుద్ధపు కర్మాగారాలలో పని పోయినవారికీ కొలువులు చూపడానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలు తెరిచారు. 1948 నుండి వాటి తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. డిగ్రీ చేతికి రాగానే మన తరం కుర్రవాళ్లు పేర్లు రాయించుకోవడానికి క్యూ కట్టిన ఆ కార్యాలయం అసలు సైనికుడి కోసం పుట్టిందన్నమాట.

ఐ.టి.ఐ.ల కథా అంతే. యుద్ధకాలంలో పనివారిని తొందరగా తయారుచేయడానికి పెట్టిన శిక్షణ కేంద్రాలు, యుద్ధం ముగిశాక మాజీ సైనికులకు చేతిపనులు నేర్పడానికి ఉపయోగపడ్డాయి. ఆ పునాది మీదే 1950లో వృత్తి శిక్షణ పథకం వచ్చింది, అదే ఇప్పటి ఐ.టి.ఐ. ఇంత వెనుక చరిత్ర ఉండికూడా మన హవల్దారు ఆ ఐ.టి.ఐ. కాగితం లేకనే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతున్నాడు. చోద్యం కాకపోతే మరేమిటి!

గుమాస్తాకు పనికొస్తాడు, మెకానిక్కుకు పనికిరాడు

ఇ.ఎం.ఇ.లో పదిహేడేళ్లు వెహికిల్ మెకానిక్కుగా చేసి పింఛనుతో వచ్చిన హవల్దారు ఒకరిని అనుకుందాం. పదవ తరగతి చదివి చేరినవాడు. ఆయనకు ప్రభుత్వ నిబంధనలలో హక్కులున్నాయి. మాజీ సైనికుల పునరుద్యోగానికి 1979లో కేంద్రం నిబంధనలు చేసింది. వాటి ప్రకారం కేంద్ర ప్రభుత్వ గ్రూపు సి ఉద్యోగాలలో నూటికి 10 వారికి కేటాయించాలి. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలో, జాతీయ బ్యాంకులలో ఆ స్థాయిలో ఈ కోటా 14.5 శాతం. ఇందులో యుద్ధంలో వికలాంగులైనవారికి, మరణించినవారి కుటుంబాలకు ఉద్దేశించింది కూడా కలిసి ఉంది. వయసులో సర్వీసు కాలాన్ని తీసివేసి, పైన మరో మూడేళ్లు సడలిస్తారు. అధికారి హోదా లేని సైనికుడికి సివిలు ఉద్యోగం వచ్చినా పింఛను పూర్తిగా వస్తుంది. ఆ పింఛనును జీతంలో కోసుకోరు.

ఇంకొక మేలు ఉంది. పదవ తరగతి చదివి 15 ఏళ్లకు తగ్గకుండా సర్వీసు చేసినవారిని, డిగ్రీ అడిగే గ్రూపు సి ఉద్యోగాలకు అర్హులుగా పరిగణించవచ్చునని 1986లో సవరణ వచ్చింది. దీనివల్ల వేలాదిమంది బ్యాంకులలో, ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలయ్యారు. మంచిదే.

కాని ఆ సవరణలోనే ఒక మెలిక ఉంది. సాంకేతిక అనుభవమో, వృత్తి విద్యార్హతో తప్పనిసరిగా కావలసిన ఉద్యోగానికి ఈ సడలింపు వర్తించదు. అంటే పదిహేడేళ్లు ఇంజన్లతో గడిపినవాడు, ఏనాడూ పట్టని లెడ్జరు పుస్తకం పట్టడానికి అర్హుడు. ఏనాడూ వదలని స్పానరు పట్టే జూనియర్ ఇంజనీరు ఉద్యోగానికి మాత్రం డిప్లొమా కాగితం చూపాలి. నిబంధన రాసినవారిని పూర్తిగా తప్పుపట్టలేం. వంతెన లెక్క తప్పితే పోయేది జనం ప్రాణాలు, కాబట్టి అర్హత అడగవలసిందే. అర్హత అడగడంలో కాదు చిక్కు. ఉన్న అర్హతను కొలిచి, రాసి ఇచ్చే పని సర్వీసు చివరలో సరిగా జరగకపోవడంలో ఉంది.

ఏ పనికి ఏ కాగితం

కరెంటు పని సంగతి చూడండి. నావికాదళంలో పెద్ద పెద్ద జనరేటర్లు నడిపినవాడైనా సరే, బయట ఒక ఫ్యాక్టరీ వైరింగు పని ఒప్పుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ లైసెన్సింగు బోర్డు ఇచ్చే వైర్‌మెన్ పర్మిటో, సూపర్‌వైజరు పర్మిటో ఉండాలి. సొంతంగా కాంట్రాక్టు తీసుకోవాలంటే మరో లైసెన్సు. బాయిలరు నడపాలంటే దానికి వేరే పరీక్ష. రైసుమిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు ఉన్న మన జిల్లాలలో బాయిలరు సర్టిఫికెట్టు ఉన్న మనిషికి ఎప్పుడూ గిరాకీయే.

విమానాల పని మరీ కఠినం. యుద్ధ విమానం జెట్ ఇంజను విప్పి బిగించిన చేయి కూడా ప్రయాణికుల విమానం ఎగరడానికి సరిపోయిందని సంతకం పెట్టడానికి వీల్లేదు. అందుకు పౌర విమానయాన శాఖ పరీక్షలు పాసై లైసెన్సు పొందాలి. సైన్యంలో చేసిన అనుభవాన్ని కొంతవరకు లెక్కలోకి తీసుకుంటారు. అయినా పౌర విమానాల మీద కొంతకాలం పని చేసి తీరాలి. యుద్ధనౌక నుండి వర్తకనౌకకు మారాలన్నా ఇంతే. నౌకాయాన శాఖ సర్టిఫికెట్టు లేనిదే ఇంజను గదిలో అధికారిగా అడుగు పెట్టనివ్వరు.

ఈ విషయంలో నావికాదళ ఆర్టిఫిసర్లు కొంత అదృష్టవంతులు. వారి శిక్షణకు ఇంజనీరింగు డిప్లొమాతో సమానమైన గుర్తింపు ఉంది. అందువల్ల వారు బయటికి వచ్చేసరికి చేతిలో పనితోపాటు కాగితమూ ఉంటుంది. విద్యుత్ కేంద్రాలలో, రిఫైనరీలలో, నౌకా నిర్మాణ కేంద్రాలలో షిఫ్టు ఇంజనీర్లుగా, మెయింటెనెన్సు సూపర్‌వైజర్లుగా కుదురుకోవడం వారికి తేలిక. ఒకే ఊరి నుండి వెళ్లిన అన్నదమ్ములలో ఒకరు ఆర్టిఫిసరై వచ్చి ప్లాంటులో సూపర్‌వైజరు కావడం, మరొకరు సైన్యంలో అంత పనీ చేసి వచ్చి గేటు దగ్గర నిలబడటం జరిగిందంటే, తేడా పనిలో లేదు. కాగితంలో ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. "ఎ.ఎం.ఐ.ఇ. రాయరా, బి.టెక్.తో సమానం" అని పాతతరం మిలిటరీవాళ్లు కుర్రవాళ్లకు సలహా చెప్పడం వాడుక. 1920లో కలకత్తాలో స్థాపించిన ఇంజనీర్ల సంస్థ నిర్వహించే పరీక్ష అది. బ్యారక్‌లో లాంతరు పెట్టుకొని చదివి, ఆ పరీక్షలు పాసై ఇంజనీర్లయిన సైనికులు ఎందరో ఉన్నారు. ఆనాటికి ఆ సలహా బంగారం. కాని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఆ పరీక్షను డిగ్రీతో సమానంగా చూసేది 2013 మే 31 లోపు పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రమే. ఆ తరువాత చేరినవారు డబ్బు కట్టేముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఐ.టి.ఐ. కాగితానికి మాత్రం దారి మూసుకుపోలేదు. పనిలో అనుభవమున్నవారు బడిలో కూర్చోకుండానే ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడు పరీక్షకు హాజరయ్యే పద్ధతి ఉంది. సైనిక ట్రేడులకు సరిపోయే సివిలు ట్రేడులు ఏవో చూపే పట్టికలు కూడా రక్షణశాఖ పునరావాస డైరెక్టరేటు దగ్గర ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాలలో ఈ ట్రేడులను జాతీయ నైపుణ్య అర్హతల చట్రంతో జతపరుస్తున్నారు. సర్టిఫికెట్టు మీద ఆ స్థాయి అంకె వేసి ఉందో లేదో చూసుకుని మరీ తీసుకోవాలి.

కాగితం దొరికాక

సర్టిఫికెట్టు ఉన్నంతమాత్రాన బండి పరుగెత్తదు. సివిలు పనికి దాని పద్ధతులు దానికి ఉన్నాయి. సైన్యంలో సామాను కావాలంటే ఇండెంటు రాస్తారు. ఎంత ఖరీదో మెకానిక్కు అడగడు. బయట మొదటి ప్రశ్నే "ఎంతవుతుందండీ?" అన్నది. కొత్త నాజిలు వేయాలా, ఉన్నదే శుభ్రంచేసి సీజను గట్టెక్కించాలా అన్నది రైతు జేబును బట్టి తేల్చాలి. సైన్యంలో అరిగిన ప్రతి భాగాన్నీ మార్చేసే అలవాటున్న మనిషికి ఇది మొదట్లో తప్పుడు పనిలా తోస్తుంది. మరోవైపు ఫ్యాక్టరీలలో యంత్రం ఒక్క షిఫ్టు ఆగితే ఎంత నష్టమో గంటల లెక్కన చెబుతారు. అక్కడ ఖరీదు కంటే వేగం ముఖ్యం.

యంత్రాలూ మారాయి. ఒకప్పటి మిలిటరీ మెకానిక్కు పెరిగింది శక్తిమాన్ లారీ మీద. జర్మనీ మాన్ కంపెనీ నమూనాతో 1959 నుండి జబల్‌పూరులో తయారైన బండి అది. ఆ ఇంజను తెలిసినవాడికి ఊళ్లో ట్రాక్టరు, ఆయిలింజను, రైసుమిల్లు డీజిలు ఏదైనా ఒకటే. చెవితో విని జబ్బు చెప్పగలడు. ఇప్పటి డీజిలు బండ్లలో చాలావాటికి ఇంధనం కొట్టేది కంప్యూటరు ఆజ్ఞతో. స్కానరు తగిలించనిదే లోపమేమిటో చెప్పదు. చెవి ఒక్కటే చాలదు. అందుకని సైన్యంలో ఎంత పెద్ద హోదాలో ఉన్నా, బయటికొచ్చిన తొలి ఏడాది ఇరవయ్యేళ్ల ఐ.టి.ఐ. కుర్రవాడి పక్కన కూర్చొని నేర్చుకోవడానికి సిద్ధపడాలి. నిన్నటిదాకా వందమందికి ఆర్డర్లు వేసిన సుబేదారుకు అది చేదుమాత్రే. కల్లణై దగ్గర కాటన్ మింగింది కూడా అటువంటి మాత్రే.

హోదా సంగతిలోనే మరో చిక్కు వస్తుంది. వర్కుషాపులో కూలీలు సెల్యూట్ చేయరు. "ఏమండీ మేస్త్రీ గారూ, టీ తాగొద్దామా" అంటారు. సమ్మెలు ఉంటాయి, సెలవులు ఉంటాయి, చెప్పిన పని రేపటికి వాయిదా పడుతుంది. ఇవి తట్టుకోలేక నెల తిరక్కుండానే మంచి ఉద్యోగాలు వదిలేసినవారు ఉన్నారు. అదే సమయంలో యజమానులు వీరిని కోరుకోవడానికి కారణమూ ఈ క్రమశిక్షణే. లాగుబుక్కు రాయమంటే రాస్తారు, పనిముట్టు పోదు, రాత్రి షిఫ్టులో నిద్రపోరు.

చివరి ఏడాదిలోనే

సర్వీసు ముగియడానికి ఒక ఏడాది ముందునుండే సివిలు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పునరావాస డైరెక్టరేటు నడిపే సాంకేతిక శిక్షణ కోర్సులు కూడా ఎక్కువగా ఆ చివరి కాలంలోనే దొరుకుతాయి. కాని ఆ ఏడాదిలో చాలామంది మనసు ఇంటి మీదే. కట్టబోయే ఇల్లు, పిల్ల పెళ్లి, కొనవలసిన ఎకరం, ఇవే లెక్కలు. వచ్చిన పింఛను డబ్బు కాస్తా స్లాబులోకి పోతుంది, శిక్షణ అవకాశం కాలగర్భంలోకి పోతుంది. ఊరికి వచ్చాక అదే కోర్సును పట్టణంలో ఫీజు కట్టి చదవవలసి వస్తుంది.

కోటా వాడుకోవడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. మాజీ సైనికుల కోటాలో ఒకసారి కేంద్ర ఉద్యోగంలో చేరినవారికి ఆ కోటా మళ్లీ రాదని నియమం. అందుచేత తొందరపడి మొదట దొరికిన చిన్న ఉద్యోగంలో చేరి, తరువాత వచ్చిన జూనియర్ ఇంజనీరు అవకాశం పోగొట్టుకున్నవారు చాలామంది. 2014 ఆగస్టులో కేంద్రం దీనికి కొంత వెసులుబాటు ఇచ్చింది. మొదటి ఉద్యోగంలో చేరేనాటికే ఏయే ఉద్యోగాలకు దరఖాస్తు చేశారో తేదీలతో సహా, చేరిన వెంటనే యజమానికి రాసి ఇస్తే, ఆ దరఖాస్తుల వరకు కోటా నిలుస్తుంది. ఆ ఒక్క కాగితం రాసి ఇవ్వడం మరిచినందుకు నష్టపోయేది జీవితకాలపు జీతం.

ఊరికి వచ్చి పదేళ్లయినవారి మాటేమిటి? వారికి కోటా ఉద్యోగాల వయసు దాటి ఉండవచ్చు. అయినా వైర్‌మెన్ పర్మిటుకో, ట్రేడు పరీక్షకో దారి ఉంటుంది. కాగితం వచ్చాక జనరేటర్లకు, ఐసు ఫ్యాక్టరీలకు, రైసుమిల్లులకు ఏడాది ఒప్పందం మీద మెయింటెనెన్సు చేసే పని సొంతంగా పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి లేపినందుకు ఉత్త కృతజ్ఞత కాకుండా బిల్లు కూడా వస్తుంది. ఊరివాళ్లు కూడా ఈ విషయం కాస్త ఆలోచించాలి. పట్టణం మెకానిక్కుకు అడిగినంతా ఇచ్చే రైతు, బాబాయికి మాత్రం "మనవాడే కదా" అని ఒక టీతో సరిపెడతాడు.

నాలుగేళ్ల కుర్రవాళ్లు

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంతో ఈ సమస్య ఇంకో మలుపు తిరిగింది. అగ్నివీరుల సర్వీసు నాలుగేళ్లు. ఆ తరువాత రెగ్యులరుగా తీసుకునేది నూటికి 25 మందిని మించకుండా. మిగిలినవారికి పింఛను లేదు. పథకం ప్రకటించిననాటి లెక్క ప్రకారం సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి చేతికి వస్తుంది. పదిహేడేళ్లు పనిచేసి పింఛనుతో వచ్చిన హవల్దారుకు కాగితం లేకపోయినా పొయ్యి మీద కుండ ఆగదు. ఇరవైమూడేళ్లకో, ఇరవైనాలుగేళ్లకో ఇంటికొచ్చే ఈ కుర్రవాడికి ఆ ధీమా కూడా లేదు. అతడికి సర్టిఫికెట్టే పింఛను.

సాంకేతిక విభాగంలో చేరేవారిలో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివినవారికి అదనపు మార్కులు ఇచ్చే ఏర్పాటు 2023 నుండి ఉంది. సేవలో ఉండగానే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ చదివే పథకమూ ఉంది. అందులో సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే ఇస్తారు. అందువల్ల భర్తీ ర్యాలీకి పరుగు ప్రాక్టీసు చేస్తున్న కొడుకును చూసి సంబరపడే తల్లిదండ్రులు, ముందు ఐ.టి.ఐ. పూర్తిచేసి వెళ్లమని చెబితే రెండు విధాలా లాభం. పోయేటప్పుడు మార్కులకు పనికొస్తుంది, వచ్చేటప్పుడు పనికే పనికొస్తుంది.

ఇప్పటికే ఊళ్లో ఉన్న మాజీ సైనికులకు మొదటి మెట్టు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. చాలా ఇళ్లలో డిశ్చార్జి బుక్కు ట్రంకు పెట్టె అడుగున, పాత యూనిఫాం కింద, పింఛను కాగితాలతో కలిసి పడి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, ట్రేడు పేరు రాసిన పేజీ చూడాలి. చేసిన కోర్సుల సర్టిఫికెట్లు, పదవ తరగతి మార్కుల కాగితం, మాజీ సైనికుల గుర్తింపు కార్డు అన్నిటికీ నకళ్లు తీయించుకొని వెళ్లి, ఉద్యోగాల రిజిస్టరులో పేరు ఉందో లేదో అడగాలి. ఉంటే అందులో ఏ ట్రేడు రాశారో చూపించమనాలి. వెహికిల్ మెకానిక్కును "జనరల్ డ్యూటీ" అని రాసి ఉంటే, అక్కడే కూర్చొని దిద్దించుకుని రావాలి.